ఇరవై నాలుగు నిమిషాల దారి

“ఈ మూత ఈ డబ్బాది కాదండీ,” అంది ఆమె.

“మూత మూతేగా. పట్టిందా లేదా, అది చూడు,” అన్నాడు భర్త, గుమ్మం దగ్గర వంగి బూటు లేసు కట్టుకుంటూ.

“పట్టలేదు. ఊరికే పైన కూర్చుంది. పట్టడం వేరు, కూర్చోవడం వేరు.”

“విన్నావా అమ్మా? నీ కోడలు డబ్బాలకీ మూతలకీ కూడా సంబంధాలు కుదురుస్తోంది.”

అత్తగారు అప్పటికే చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో సిద్ధంగా ఉంది. “చీమలు పడితే ఏరేది నువ్వా?” అని కొడుకుని ఒకటి అని, అంతటితో ఊరుకోకుండా ఇటు తిరిగి, “అయినా అమ్మాయ్, వాడు పంచదార డబ్బాకి మూత పెట్టడమే గొప్ప. అది సరైన మూత కూడా కావాలంటే ఎలాగే?” అంది. ఆవిడ తీర్పులు ఎప్పుడూ అంతే, ఇద్దరికీ చెరో దెబ్బ.

ఆమె నాలుగు డబ్బాలూ దించి, నాలుగు మూతలూ తీసి, దేనిది దానికి బిగించి మళ్ళీ అరలో పెట్టింది. పదిన్నరకి కార్ల షోరూమ్‌లో ఉండాలి. ఆయన గుమ్మంలో నిలబడి గడియారం చూసుకున్నాడు, తొందరపెట్టినా ఆమె వినేది కాదు.

అసలు సంగతి మూత కాదని ఆమెకీ తెలుసు. మంగళవారం నుంచీ ఒక ప్రశ్న గొంతులో ముల్లులా అడ్డంపడి ఉంది. కాలేజీలో భౌతికశాస్త్రం ప్రయోగశాలలో మూడేళ్ళు ఒకే బల్ల పంచుకున్న స్నేహితురాలు ఇప్పుడు నది అవతల పిల్లల సైన్సు కేంద్రానికి పెద్ద. వారానికి మూడు రోజులు వచ్చి బడిపిల్లలకి ప్రయోగాలు చేసి చూపించమని అడిగింది. ఇంతకుముందు రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ ఈమె వద్దంది. “శనివారం సాయంత్రంలోగా చెప్పు. ఈసారి కాదంటే ఇంకొకర్ని తీసుకోవాలి, ఇక నిన్ను విసిగించను,” అని ఫోన్ పెట్టేసింది. ఇవాళ శనివారం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరూ వద్దనరు, అదే చిక్కు. ఎలా వెళ్తావు అంటారు. నిజమే, అటు వైపు నేరుగా బస్సు లేదు, రెండు బస్సులు మారి దిగాక కూడా అరగంట నడవాలి. ఆ ప్రశ్న ఎంత ప్రేమగా అడిగినా జవాబు ఒక్కటే, కారు. కారు అనుకోగానే పధ్నాలుగేళ్ళ కిందటి గేటు స్తంభం లేచి ఎదురుగా నిలబడుతుంది. ఇప్పటికీ ఇంట్లో ఉన్న పాత కారునే ఆమె వెనక్కి తీస్తూ ఇంటి గేటు స్తంభానికి కొట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఒక దీపం పగిలింది, స్తంభం మీద టోపీలాంటి రాయి పక్కకి ఒరిగింది, అంతే. కానీ ఆయన చేతిలో అది కథ అయింది. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ, ఆఫీసు వాళ్ళకీ, చివరికి నీళ్ళ ఫిల్టరు బాగుచేయడానికి వచ్చిన మనిషికీ చెప్పాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది, నవ్వి నవ్వి ఒకరోజు తాళంచెవి గోడ మేకుకి తగిలించి మళ్ళీ తీయలేదు. భయం కాదు. ఏ రోజూ భయం వేయలేదు.

షోరూమ్ అద్దాల గోడలతో, కాలు పెడితే నీడ కనిపించే నేలతో, ఎక్కడా ఒక్క వేలిముద్ర లేకుండా ఉంది. దాన్ని తుడిచే మనిషెవరో గానీ ఆమెకి వెంటనే నచ్చేశారు. చూపించడానికి వచ్చిన అమ్మాయికి ఇరవై మూడేళ్ళుంటాయేమో, కొత్త చెప్పులు కరిచి రెండు మడమలకీ ప్లాస్టర్లు వేసుకుంది, అయినా కుంటకుండా నవ్వుతూ నడుస్తోంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే ఇంట్లో ప్లగ్గుకి పెట్టి చార్జి చేసుకోవచ్చనీ, ఊళ్ళో తిరుగుళ్ళన్నీ ఆ చార్జితోనే అయిపోతాయనీ, దూరం వెళ్తే పెట్రోలు ఇంజను అందుకుంటుందనీ చెప్పింది. “అంటే పడుకునే ముందు సెల్లుని గోడకి తగిలించినట్టేనా?” అంది అత్తగారు. అంతేనండీ అంది అమ్మాయి. “మా వాడు సెల్లే మర్చిపోతాడు, కారుని గుర్తుపెట్టుకుంటాడా,” అంది అత్తగారు. ఆయన అవేవీ పట్టించుకోకుండా కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, టైరుని బూటుతో మెల్లగా తన్ని, ఏదో తెలుసుకున్నవాడిలా తల ఊపి, నడిపి చూడటానికి లైసెన్సు తీసి ఇచ్చాడు.

“సార్, దీని గడువు పోయిన నెల పదకొండుతో అయిపోయిందండీ,” అంది అమ్మాయి.

ఆయన దాన్ని తిప్పి వెనకవైపు చూశాడు, అటు ఇంకో తేదీ ఉంటుందేమో అన్నట్టు. తర్వాత భార్య వైపు చూశాడు. ఇంట్లో గడువులన్నీ ఆమె శాఖ. గ్యాసు గొట్టం, అత్తగారి కళ్ళజోడు, పిల్ల కాలేజీ ఫీజులు, లైసెన్సులు, అన్నీ ఒక గళ్ళ అట్ట పుస్తకంలో రాసి ఉంటాయి.

“ఫోటో దిగి ఇమ్మని మూడుసార్లు అడిగాను,” అంది ఆమె.

“ఎప్పుడు?”

“పేపరు చదువుతూ మీరు ‘ఊఁ’ అన్నప్పుడల్లా.”

“ఇంకెవరికైనా లైసెన్సు ఉందా అండీ? లేకపోతే ఇంకో రోజు పెట్టుకుందాం,” అంది అమ్మాయి. ఆ మాట పూర్తయ్యేలోపే ఆమె చెయ్యి పర్సులోకి వెళ్ళిపోయింది. మనసుని అడగలేదు. కళ్ళజోడు డబ్బాకీ అద్దానికీ మధ్య, తన లైసెన్సు ఎప్పుడూ ఉండేచోటే ఉంది. పధ్నాలుగేళ్ళలో రెండుసార్లు మార్పించింది, రెండుసార్లూ ఫోటో కోసం మంచి రవిక వేసుకుని ఒక్కతే వెళ్ళింది, ఎందుకమ్మా అని ఎవరైనా అడిగితే చెప్పడానికి జవాబు లేదు, ఎవరూ అడగలేదు. గడువు దాటిపోతే ఊరుకోవడం తన వల్ల కాదు, అంతేనని తనకి తాను చెప్పుకుంది.

“నీకు లైసెన్సు ఉందా!” అన్నాడు ఆయన.

“పెళ్ళికి ముందు నుంచీ ఉంది.”

“అది కాదు, ఇప్పటికీ ఉందా అని.”

అమ్మాయి అప్పటికే బయట నిలిపిన కారు ముందు తలుపు తెరిచి పట్టుకుంది, మెత్తటి కొత్త వాసన ఒక్కసారి ముఖానికి తగిలింది. ఆమె ఎక్కింది. ఎక్కడం అన్న మాట సరిగ్గా సరిపోయింది, పాత కారులోకైతే దిగాలి, బావిలోకి దిగినట్టు, ఇందులో నేల కాస్త కిందకి పోయింది, ఎదురుగా ఉన్న కార్ల నెత్తులు కనిపిస్తున్నాయి, పాలవాడి సైకిలూ, దాని వెనక పిల్లీ కూడా కనిపిస్తున్నాయి. సీటు ముందుకి, కొంచెం వెనక్కి, మళ్ళీ అర అంగుళం ముందుకి. పక్క అద్దాలు సరిచేసుకుని నడి అద్దం తిప్పితే అందులో ఆయన కనిపించాడు, వెనక సీట్లో అత్తగారి పక్కన మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, చేతులు వాటి మీద పెట్టుకుని, బడిలో మొదటిరోజు పిల్లాడిలా. ఇరవై ఒక్క ఏళ్ళుగా కారులో ఆయన ఒక వైపు చెవీ, ఆ చెవి కింద చిన్న పుట్టుమచ్చా, గీసుకోవడంలో మిగిలిపోయే నాలుగు వెంట్రుకలూ, ఇవే చూసింది, ఎదురుగా ముఖం చూడటం ఇదే మొదలు, ముఖం బాగానే ఉంది, కాస్త కంగారుగా ఉంది. బొత్తాం నొక్కింది. ఏమీ కాలేదు. ఇంజను మోగలేదు, వణకలేదు, పాత కారైతే ఈపాటికి ముసలాయన దగ్గులా నాలుగు దగ్గులు దగ్గి ఉండేది. మళ్ళీ నొక్కింది. “మేడమ్, ఇందాకే ఆన్ అయింది, ఇప్పుడు ఆపారు,” అంది పక్కన కూర్చున్న అమ్మాయి, నవ్వు ఆపుకుంటూ. వెనక నుంచి ఆయన గొంతు సవరించుకున్నాడు. సవరించుకోనీ. మూడోసారి నొక్కి, బ్రేకు మీంచి పాదం మెల్లగా తీసింది, అంత పెద్ద వస్తువు ఒక్క మాటా మాట్లాడకుండా కదిలింది, పడుకున్న పసిబిడ్డని లేపకుండా పక్కలోంచి లేచిన మనిషిలా.

అంత నిశ్శబ్దం ఆమె ఊహించలేదు. చక్రాల కింద కంకర నలగడం వినిపిస్తోంది, రోడ్డు పక్క ఎవరో ఎవరినో పిలవడం వినిపిస్తోంది, అత్తగారి చేతిసంచి జిప్పు వినిపిస్తోంది. నిశ్శబ్దంలో చెవి తనంతట తానే వెతుక్కుంది, ఇనుప ట్రేల చప్పుడు కోసం. బాబాయి బేకరీ బండి. నాన్నకి తమ్ముడు, తెల్లారగట్ల వీధి వీధికీ బ్రెడ్డు వేసేవాడు, ఎనిమిదింటికి బండి ఖాళీ అయ్యాక బేకరీ వెనక ఖాళీ జాగాలో ఆమెకి నేర్పాడు, వెనక ముప్ఫై ఇనుప ట్రేలు అరల్లో పేర్చి ఉండేవి, బ్రెడ్డు వాసన సీట్ల గుడ్డలోకి ఇంకిపోయి ఉండేది. పుస్తకాల్లో రాసినవేవీ చెప్పలేదు బాబాయి. ఒక్కటే చెప్పాడు, ట్రేలు మోగకూడదమ్మా అని. గేరు మార్చినా, బ్రేకు వేసినా, గుంట దాటినా ట్రేలు మోగకూడదు. మొదటిరోజు పెళ్ళి మేళంలా మోగాయి. రెండో వారానికి గుసగుస. నెల తిరిగేసరికి ఒక రోజు ఆ జాగా చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి ఆపితే ఒక్క ట్రే పలకలేదు, బాబాయి దిగి వెనక తలుపు తీసి చూశాడు, ఎవరైనా ట్రేలు ఎత్తుకుపోయారేమో అన్నట్టు. ఆ వేళ ఆయన ఇచ్చిన మిగిలిపోయిన బన్ను రుచి ఇంకా నోట్లో ఉంది. ఇప్పుడు మలుపు తిరుగుతుంటే వీపు సీటుకి ఆనుకున్న తీరులోనే తెలుస్తోంది, మోగవు, ఇప్పుడు వెనక ముప్ఫై ట్రేలున్నా మోగవు, చేతులు ఏదీ మర్చిపోలేదు, పధ్నాలుగేళ్ళు ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాయి పాపం, అవీ లైసెన్సులాగే ఎవరికీ చెప్పకుండా తమని తాము కాపాడుకున్నాయి.

“మేడమ్ చాలా స్మూత్‌గా నడుపుతున్నారు,” అంది అమ్మాయి. “ఇప్పుడు ఎర్రదీపం వస్తోంది కదండీ, బ్రేకు వేయకండి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి చాలు.” తీసింది. కారు తనంతట తానే మెత్తగా నెమ్మదించింది, ఎదురుగా చిన్న తెరమీద చక్రాల నుంచి బ్యాటరీ వైపు ఆకుపచ్చ బాణాలు పరిగెత్తాయి. చూశారా, ఆగేటప్పుడు కూడా కరెంటు తయారవుతోంది, ఫ్రీగా, అంది అమ్మాయి. ఫ్రీగా కాదమ్మా అని నాలుక చివరిదాకా వచ్చింది, ఫ్రీగా ఏదీ రాదు, ఇందాక పరుగెత్తడానికి పెట్టిన శక్తే వేడై గాల్లో కలిసిపోకుండా వెనక్కి వస్తోంది, అందులోనూ పూర్తిగా రాదు, కొంత జారిపోతుంది, ఎంత జారిపోతుందో చెప్పమని పరీక్షలో ఒక లెక్క ఇచ్చారు, ఆరు మార్కులు. ఆమె అనలేదు, అమ్మాయి మడమల ప్లాస్టర్లు గుర్తొచ్చి. కానీ ఆ బాణాలు చూస్తుంటే కాలేజీ రోజులు కళ్ళముందు కదిలాయి. ప్రయోగశాలలో కిటికీ పక్క బల్ల, ఒక చివర లోలకం, స్నేహితురాలు గుండుని లాగి వదిలేది, ఆమె స్టాప్‌వాచ్ పట్టుకునేది, నీ బొటనవేలికి అబద్ధం రాదే అనేది స్నేహితురాలు. ఇరవై ఊపులకి ఎంతసేపు, మళ్ళీ ఇరవై, మళ్ళీ ఇరవై. మిగతా బల్లల వాళ్ళు మూడోసారికి విసిగి అంకెలు ఊహించి రాసేసేవాళ్ళు, వీళ్ళు మాత్రం అటెండరు తాళాలు గలగలలాడించేదాకా అక్కడే. ఎందుకంత ఇష్టం? ఒక దారానికి కట్టిన గుండు ప్రతిసారీ తిరిగి రావడం, వస్తుందని తెలిసీ వచ్చినప్పుడల్లా సంతోషపడటం. పిల్లకి రెండేళ్ళప్పుడు అలమర తలుపు చాటున దాక్కుని మళ్ళీ మళ్ళీ ముఖం చూపిస్తే అలాగే గిలక్కాయలా కిలకిలా నవ్వేది, అందుకే దానికి గిలక అని ముద్దుపేరు పెట్టారు, అదిప్పుడు కాలేజీకి వెళ్తోంది, ఇంకా గిలకే. ఆకుపచ్చ దీపం పడింది. వెనకవాడు హారన్ కొట్టకముందే కదిలింది.

వాళ్ళ ఇల్లున్న వీధి మలుపు వచ్చింది. మూలన మందుల దుకాణం, దాని పైన చొక్కాలు ఆరేసిన బాల్కనీ. ఆమె గడియారం చూసింది, పదీ యాభై రెండు. ఎందుకు చూసిందో అప్పటికింకా తనకి తాను ఒప్పుకోలేదు.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఆయన మొదలుపెట్టాడు. “అమ్మాయ్, నీకు జాగ్రత్త చెప్పాలి. మా ఆవిడ ఒకసారి గేటు స్తంభాన్ని పలకరించింది.” ఇక కథ వస్తుంది, ఆమెకి కంఠతా వచ్చు, ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ చెయ్యి తిప్పుతాడో, “స్తంభం అడ్డొచ్చిందండీ” అని ఆమె అన్నట్టు సన్న గొంతు ఎక్కడ పెడతాడో. ఆ మాట ఆమె ఏనాడూ అనలేదు. అమ్మాయి మర్యాదకి నవ్వుతోంది, నవ్వుతూ ఈమె ముఖం వైపు చూసి నవ్వు సగంలో ఆపేసింది, తెలివైన పిల్ల. ఆ కథలో ఎప్పుడూ ఉండని ముక్క ఒకటుంది. ఆ రోజు ఆయన కారు వెనక నిలబడి ఉన్నాడు, రా, రా, రానీ, ఇంకా రానీ అని చెయ్యి ఊపుతూ. చెయ్యి ఊపుతూనే తల తిప్పి పక్కింటాయనతో నీళ్ళ మోటారు గురించి మాట్లాడుతున్నాడు, మాట ఆగలేదు, చెయ్యీ ఆగలేదు. ఆమె అద్దంలో ఆ చేతిని చూసింది, నమ్మింది. ఆ రోజే చెప్పొచ్చు. అందరి ముందూ ఆయన ముఖం చిన్నబోతుందని ఊరుకుంది, మర్నాటికి కథ కుదురుకుపోయింది, కుదురుకున్న కథలో తర్వాత చెయ్యి పెట్టడం కుట్టేసిన బట్టలో చెయ్యి దూర్చినట్టు.

“రానీ, రానీ అని చెయ్యి ఊపింది నువ్వే కదరా,” అంది అత్తగారు.

ఆయన తల్లి వైపు తిరిగాడు.

“నేనా? ఎప్పుడు?”

“అప్పుడే. మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను, అంతా కనిపించింది. తల అటు, చెయ్యి ఇటు. ఆ పక్కింటాయనకి నువ్వు మోటారు సంగతి చెప్పడం, ఇక్కడ ఢామ్మనడం.”

“పధ్నాలుగేళ్ళుగా చెప్పలేదేమమ్మా!”

“అడిగావా? కథ నువ్వు చెప్పుకుంటున్నావు, అందరూ నవ్వుతున్నారు, మధ్యలో నాకెందుకు అనుకున్నా. ఇవాళ ఈవిడ ఎంత బాగా నడుపుతోందో చూస్తుంటే నోరు ఊరుకోలేదు.”

ఆమె అద్దంలోకి చూసింది. ఆయన కుడి చేతిని పైకెత్తి, మెల్లగా గాల్లో ఊపి చూసుకుంటున్నాడు, రా, రా అన్నట్టు, అది తన చెయ్యేనా అన్నట్టు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. “అవునా?” అన్నాడు అద్దంలో ఆమెతో. ఆమె తల ఊపింది, ఒక్కసారే. “మరి నువ్వైనా...” అని ఆగిపోయి, కిటికీ వైపు తిరిగి, ఎవరికీ చెప్పనట్టుగా, “ఎంత వెధవపని చేశాను,” అన్నాడు. అంతే. అంతమాత్రానికే ఆమె భుజాల మీంచి ఏదో దిగిపోయింది, బజారు నుంచి రెండు చేతులా మోసుకొచ్చిన సంచులు వంటింటి గట్టు మీద పెట్టినప్పుడు వేళ్ళలోకి రక్తం మళ్ళీ వస్తుందే, ఆ చిమచిమ. నవ్వొచ్చింది. నవ్వేసింది, పైకే. అత్తగారూ నవ్వింది. కాసేపటికి ఆయనా నవ్వాడు, ఆ కథకి ఇంతవరకూ ఎవరూ నవ్వని నవ్వు.

ముందు పెద్ద కూడలి వచ్చింది. “ఇక్కడ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళిపోదాం మేడమ్, మన రూటు ఇంతే,” అంది అమ్మాయి. మధ్యలో పూలమొక్కల గుండ్రం, దాని చుట్టూ కార్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి, మొదటి దారి ఆసుపత్రికి, రెండోది వంతెన మీదకి, నది అవతలికి. ఆమె మొదట ఇండికేటరు వేసింది, తర్వాత నిర్ణయించుకుంది, చేతులకి ఇవాళ తొందర ఎక్కువైంది, రెండో దారిలోకి తిరిగేసింది.

“మేడమ్! రూటు అటు కాదండీ.”

“తెలుసమ్మా. పది నిమిషాలు.”

“షోరూమ్‌లో అడిగితే నేనేం చెప్పాలండీ?”

“పెద్దావిడకి గాలి ఆడలేదు, నది గాలికి తీసుకెళ్ళామని చెప్పు,” అంది అత్తగారు వెనక నుంచి, హాయిగా వెనక్కి వాలి.

“ఎక్కడికోయ్?” అన్నాడు ఆయన. చూద్దాం అంది ఆమె. ఇదివరకైతే ఇంకో నాలుగు ప్రశ్నలు వేసేవాడు, ఇప్పుడు వేయలేదు, ఇవాళ ఆయనకి ప్రశ్నలు వేసే హక్కు కాస్త తగ్గినట్టు ఆయనకే అనిపించి ఉండాలి. వంతెన ఎత్తుకి పైకి లేస్తోంది, ఆమె పాదం కొంచెం గట్టిగా నొక్కింది, అప్పుడు మొదటిసారి ఇంజను వచ్చింది, ఎక్కడో లోపల, పక్కగదిలో పనిచేసుకుంటున్న మనిషి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి బరువు ఒక వైపు పట్టుకున్నట్టు, పట్టుకుని, ఎత్తు దాటగానే మళ్ళీ చెప్పకుండా తన గదిలోకి వెళ్ళిపోయినట్టు. ఇలాంటి మనుషులు ఇంటికి ఒకరుంటే చాలు అనుకుంది, అనుకుని, ఉంది కదా, తమ ఇంట్లో ఇన్నాళ్ళూ ఆ పనే కదా తను చేసింది, అని మళ్ళీ నవ్వొచ్చింది. పిల్ల పరీక్షలప్పుడు ఒక వైపు, అత్తగారి మోకాలి ఆపరేషనప్పుడు ఒక వైపు, ఆయన బదిలీ గొడవలో ఒక వైపు, ఎత్తు వచ్చినప్పుడల్లా. బాధేం లేదు, ఎత్తులన్నీ ఎక్కారు. ఇప్పుడు కింద నది వెడల్పుగా మెరుస్తోంది, ఇసుక దిబ్బ మీద తెల్లకొంగలు, ఎవరో పడవలో వల విసురుతున్నారు, విసిరిన వల గాల్లో ఒక్క క్షణం గుండ్రంగా నిలిచింది. అద్దం దించింది. గాలి లోపలికి ఊడిపడి అత్తగారి కొంగునీ, అమ్మాయి కాగితాలనీ, ఆయన నెత్తి మీద జాగ్రత్తగా అడ్డంగా దువ్విన జుట్టునీ ఒకేసారి లేపింది. ఎవరూ అద్దం ఎత్తమనలేదు. వంతెన దిగుతుంటే పాదం తీసేసింది, ఆకుపచ్చ బాణాలు వెనక్కి, వెనక్కి, వెనక్కి. పాడాలనిపించింది, పాట ఏదీ గుర్తురాలేదు, ఊరికే కూనిరాగం తీసింది. అది కూనిరాగమని తనకి తెలిసేసరికి సైన్సు కేంద్రం ప్రహరీ మొదలైంది.

పదకొండూ పదహారు. ఇరవై నాలుగు నిమిషాలు, ఎర్రదీపాలతో కలిపి, కూడలి రద్దీతో కలిపి. మంగళవారం నుంచీ ఎలా, ఎలా అని మెదడు తొలిచిన దూరం ఇదేనా. అన్నం కుక్కరు పెట్టి కూర తరిగేంతసేపు. గేటు ముందు బడి బస్సు ఆగి ఉంది, పిల్లలు దిగి గేటు లోపల గోడ వారగా వరసలో నిలబడ్డారు, టీచరు తలలు లెక్కపెడుతోంది, లెక్క తప్పింది కాబోలు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. పొడుగాటి అద్దాల గోడ లోపల, రెండంతస్తుల ఎత్తు నుంచి వేలాడుతూ, పెద్ద ఇత్తడి గుండు. అటు వెళ్ళింది. కిటికీ అంచు దాటి కనిపించకుండా పోయింది. ఊపిరి తీసుకోవడం మరిచి చూస్తోంది ఆమె. వచ్చింది. వరసలో చివరి పిల్ల, రెండు జడల్లో ఒకటి ఊడిపోయింది, అద్దానికి ముక్కు ఆనించి, గుండు ఎటు పోతే అటు తల తిప్పుతోంది, దాని పెదవులు కదులుతున్నాయి, ఒకటి, రెండు, మూడు. అలా కాదమ్మా, సున్నా నుంచి మొదలుపెట్టాలి, వదిలినప్పుడు సున్నా, ఒకసారి వెళ్ళి తిరిగొస్తే ఒకటి, లేకపోతే ఒక ఊపు ఎక్కువ లెక్కకొస్తుంది. ఈ తప్పే అందరూ చేస్తారు, ఎవరూ పక్కన నిలబడి చెప్పరు, పిల్లలు ఇంటికి వెళ్ళి తమకి లెక్కలు రావనుకుంటారు. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. కారు తలుపు, రోడ్డు, ప్రహరీ, ఇన్ని అడ్డాలు. అయినా ఎంత దగ్గర. గొంతులోని ముల్లు ఎప్పుడు దిగిపోయిందో తెలియలేదు.

గేటు ముందు రోడ్డు సన్నం, ఒక పక్క మురుగుకాలవ. ముందుకి, ఆపి, వెనక్కి. ఆయన తలుపు మీద చెయ్యి వేశాడు, దిగి వెనక చూసి చెబుదామని కాబోలు, చెయ్యి వేసి, ఆగి, తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె మూడు కదలికల్లో కారు మొత్తం తిప్పేసింది. బస్సు డ్రైవరు కిటికీలోంచి చూసి బొటనవేలు పైకెత్తాడు.

షోరూమ్‌లో మళ్ళీ ఆ మెరిసే నేల మీద నిలబడి ఆయన రంగుల పుస్తకం తిరగేశాడు, బూడిద రంగు హుందాగా ఉంటుందన్నాడు, అత్తగారు బూడిద రంగు బూడిదలానే ఉంటుందంది. ఏదైనా సోమవారం చెబుతామన్నారు. “మీరు నడిపితేనే కారు బాగుందండీ మేడమ్,” అంది అమ్మాయి ఆమె చెవిలో. ఆమె పర్సు తీసి, లైసెన్సు దానిచోట పెట్టుకుని, రెండు కొత్త ప్లాస్టర్లు అమ్మాయి చేతిలో పెట్టింది. ఇంటికొచ్చాక చేతులు కడుక్కుని, పొయ్యి మీద కూర పెట్టి, వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఫోన్ చేసింది. రెండే నిమిషాలు. అవతల స్నేహితురాలు కెవ్వుమంటే ఫోను చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది.

ఒంటిగంటకి గిలక కాలేజీ నుంచి వచ్చింది, నలుగురూ భోజనానికి కూర్చున్నారు. “ఏ రంగు కారు నాన్నా?” “ఎవరు నడిపారు?” “అమ్మా? అమ్మ నడిపిందా? నిజంగా?” అని గిలక ముద్ద నోట్లో పెట్టుకోకుండానే మూడు ప్రశ్నలు వేసింది.

“నడిపింది, నది దాటించింది,” అంది అత్తగారు. “స్తంభం కథ కూడా మారింది. మీ నాన్న తర్వాత చెబుతాడులే, కొత్తగా.”

ఆయన తల వంచుకుని నవ్వాడు. ఆమె గరిటె గిన్నెలో పెట్టింది.

“ఒక సంగతి చెప్పాలి,” అంది. “నది అవతల పిల్లల సైన్సు కేంద్రంలో నన్ను రమ్మన్నారు. సోమ, బుధ, శుక్రవారాలు, తొమ్మిదిన్నర నుంచి మూడు దాకా. పిల్లలకి ప్రయోగాలు చూపించాలి. వచ్చే నెల మొదటి సోమవారం నుంచి వెళ్తున్నాను.”

ఎవరూ నమలడం లేదు.

“ఇందాక మనం వెళ్ళి గేటు ముందు తిప్పింది...” అన్నాడు ఆయన మెల్లగా.

“అదే. కారు కొనాలా వద్దా, ఏ రంగు, అది అందరం కలిసి తేలుద్దాం. కొంటే ఆ మూడు రోజులూ అది నాది. కొనకపోతే పాతదే తీసుకెళ్తాను. నా సంగతి మాత్రం తేలిపోయింది. వస్తానని గంట కిందటే చెప్పేశాను.”

“అంటే, ఇది మమ్మల్ని అడగడం కాదన్నమాట.”

“కాదండీ. చెప్పడం.”

“అమ్మా!” అని గిలక ఎంగిలి చేత్తోనే లేచి వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. జాకెట్టుకి కూర అంటుకుంది. ఇంకో రోజైతే ఆ మరక పోయేదాకా ఆమెకి ముద్ద దిగేది కాదు. అత్తగారు తన కంచంలోకి తనే వడ్డించుకుంటూ, “మూడు రోజులు మధ్యాహ్నం వంట నేను చూస్తాలే. ఉప్పు ఎక్కువైందని ఎవరైనా అంటే ఊరుకోను,” అంది.

ఆయన ఇంకా ఆలోచిస్తున్నాడు. ఆ ముఖం ఆమెకి ఇప్పుడు ఎదురుగా ఉంది, అద్దం అక్కర్లేకుండా.

“మరి, దారిలో నన్ను ఆఫీసు దగ్గర దింపుతావా?” అన్నాడు.

“మీ ఆఫీసు అటు, నేను వెళ్ళేది ఇటు.” ఆమె మనసులో లెక్క వేసుకుంది, మందుల దుకాణం మలుపు నుంచి ఆయన ఆఫీసుకి తొమ్మిది నిమిషాలు, తిరిగి తొమ్మిది. “దింపుతాను. సరిగ్గా ఎనిమిదీ నలభైకి గుమ్మంలో ఉండాలి, లేసులు కట్టుకుని.”

“ఒక్క నిమిషం ఆలస్యమైతే?”

“నడిచి వెళ్ళండి,” అంది ఆమె. తన కంచంలోకి కూర వేసుకుని, ఆ పూట అందరికంటే ముందు తను తినడం మొదలుపెట్టింది.